బూర్గుల రామకృష్ణారావు

నిజామాబాదు పట్టణమునకు ఇందూరని పూర్వనామము. అచ్చటినుండి పడమటగా బోధనుకు పోవు బాటసారికి ఒకప్పుడు దారి కిరుప్రక్కల చెఱకుతోటలు కనులపండువుగా గోచరించుచుండెను. మంజీరానదిపై 1923 మొదలు 1931 వఱకు నిర్మింపబడిన నిజాంసాగరపు నీరు కాలువల వెంట పాఱి మెట్టనేలలను మాగాణులుగా మార్చెను. 1937లో బోధను చెంత శక్కర్‌నగరున పంచదార కర్మాగారము వెలసెను. కాలువనీటి నాశించి కోస్తా మండలములనుండి రైతులు పలువురు వచ్చి ఈ సీమలో స్థిరపడిరి. భూమి యెవరిది, ఉద్యోగ మెవరికి, ఈ గడ్డవారెవరు అను ప్రశ్నలు ఇట్టి ప్రాంతములలో ఇంటింటను పుట్టుట సహజము. ఆ ప్రశ్నలే పెరిగి పెద్దవై రాష్ట్ర శాసనసభను చేరినప్పుడు వానికి సమాధానము చెప్పవలసిన భారము బూర్గుల రామకృష్ణారావుగారిపై పడెను.

రామకృష్ణారావుగారు 1899 మార్చి 13వ తేదీన కల్వకుర్తి ప్రాంతమందలి పడకల్లు గ్రామమున జన్మించిరి. వారి యింటిపేరు పుల్లంరాజువారు. షాద్‌నగరు సమీపమందలి బూర్గుల వారి స్వగ్రామ మగుటచే ఊరిపేరే యింటిపేరుగా స్థిరపడెను. హైదరాబాదునను, పూనాలోని ఫెర్గూసన్ కళాశాలయందును చదివి, బొంబాయి విశ్వవిద్యాలయమునుండి న్యాయశాస్త్ర పట్టము నందిరి. సంస్కృతము, తెలుగు, ఉర్దూ, పారసీకము, మరాఠీ, ఆంగ్లము మున్నగు భాషలలో వారు నిష్ణాతులు. హైదరాబాదులో న్యాయవాదులుగా పేరుగాంచిరి. తరువాతి కాలమున భారత ప్రధానియైన పి.వి. నరసింహారావుగారు యౌవనమున వారివద్దనే న్యాయవాదవృత్తి నభ్యసించిరి.

ఆ దినములలో నిజాం రాజ్యమున తెలుగు భాషకు సభాగౌరవము లేకుండెను. 1921లో హైదరాబాదున జరిగిన ఒక సభయందు ఆలంపల్లి వేంకటరామారావుగారు తెలుగులో ప్రసంగింపబోగా కొందరు సభికులు గేలిచేసిరి. ఆ యవమానమునుండి ఆంధ్రజనసంఘము పుట్టెను. మాడపాటి హనుమంతరావుగారు మున్నగు పెద్దలతోపాటు రామకృష్ణారావుగారును ఆ యుద్యమమునకు సేవచేసిరి. ఆంధ్రజనసంఘమే క్రమముగా పెరిగి ఆంధ్రమహాసభయయ్యెను. 1931లో దేవరకొండయందు జరిగిన రెండవ ఆంధ్రమహాసభకు రామకృష్ణారావుగారు అధ్యక్షులు. శక్కర్‌నగరు కర్మాగారము వెలసిన 1937లోనే నిజామాబాదునందును ఆంధ్రమహాసభ జరిగెను. అనంతరము స్వాతంత్ర్యోద్యమమున పాల్గొని వారు కారాగారవాస మనుభవించిరి.

1948 సెప్టెంబరులో హైదరాబాదు సంస్థానము భారతదేశమున చేరెను. 1950లో ఏర్పడిన వెల్లోడి మంత్రివర్గమున రామకృష్ణారావుగారు రెవెన్యూ మంత్రియైరి. ఆ యేటనే హైదరాబాదు కౌలుదారీ చట్టము వెలువడెను. పరుల భూమిని చిరకాలముగా దున్నుచున్న రైతును భూస్వామి తన యిచ్చవచ్చినట్లు వెడలగొట్టకుండ ఈ చట్టము అడ్డుపడెను. రక్షిత కౌలుదారునకు తాను దున్ను భూమిని కొనుక్కొను హక్కును గూడ కల్పించెను.

1952లో తొలి సార్వత్రిక ఎన్నికలు జరిగెను. 175 స్థానములుగల హైదరాబాదు శాసనసభలో కాంగ్రెసునకు 93 స్థానములు లభించెను. రామకృష్ణారావుగారు ముఖ్యమంత్రియైరి. ఎదుట కూర్చున్న ప్రతిపక్షము సామాన్యమైనది కాదు. ప్రజాస్వామిక సంఘటన పక్షాన 42 మంది సభ్యులు గెలిచిరి. వారి నాయకుడు వి.డి. దేశపాండేగారు. ఆ సభలో తెలుగు, ఉర్దూ, మరాఠీ, కన్నడము, ఆంగ్లము వినబడుచుండెను. బహుభాషావేత్తయైన ముఖ్యమంత్రికి ఎవరి విమర్శయు పరాయిమాట గాలేదు.

పదవి చేపట్టి ఆఱు నెలలైనను నిండకముందే కఠినపరీక్ష యెదురయ్యెను. సర్కారు కొలువులు పదునైదేండ్లు నివసించిన స్థానికులకే, అనగా ముల్కీలకే, దక్కవలెనని నియమముండెను. దానిని ఉల్లంఘించి బయటివారిని నియమించుచున్నారని వరంగల్లులో విద్యార్థులు ఆందోళన ప్రారంభించిరి. అది హైదరాబాదునకు ప్రాకెను. సెప్టెంబరు మొదటి వారమున నగరములో పోలీసులు కాల్పులు జరుపగా కొందరు ప్రాణములు కోల్పోయిరి. బిడ్డలను కోల్పోయిన తల్లుల దుఃఖమునకు ఏ వాక్చాతుర్యమును సమాధానము కానేరదు. ప్రతిపక్షము ప్రభుత్వమును తీవ్రముగా నిందించెను. రామకృష్ణారావుగారి ప్రభుత్వము కాల్పులపై విచారణను హైకోర్టు న్యాయమూర్తి పింగళి జగన్మోహనరెడ్డిగారి కప్పగించెను. ముల్కీ సమస్యను పరిశీలించుటకు మంత్రుల ఉపసంఘమును నియమించెను. అధికారమునందున్నవారు తమ చేతలను న్యాయమూర్తి యెదుట పరీక్షకు నిలుపుట సులభమైన పని కాదు.

భూమి విషయమునను విమర్శలు రెండువైపులనుండి వచ్చెను. చట్టమున్నను పల్లెలలో కౌలుదారులు వెడలగొట్టబడుచున్నారని ప్రతిపక్షము, తమ ఆస్తులకు ముప్పు వాటిల్లెనని భూస్వాములు మొఱపెట్టిరి. 1954లో ప్రభుత్వము ఆ చట్టమును సవరించి, ఒక కుటుంబము ఉంచుకొనదగిన భూమికి పరిమితి విధించెను. అయినను అమలులోని లోపములు పూర్తిగా తొలగలేదు.

అన్నిటికంటె పెద్ద ప్రశ్న 1955లో వచ్చెను. తెలంగాణమును అప్పటికి ప్రత్యేక రాష్ట్రముగా నుంచి, 1961 ప్రాంతమున జరుగు ఎన్నికల తరువాత శాసనసభలో మూడింట రెండువంతుల మంది సమ్మతించినచో ఆంధ్రరాష్ట్రముతో కలుపవచ్చునని రాష్ట్రముల పునర్విభజన సంఘము సూచించెను. రామకృష్ణారావుగారి మనస్సు తొలుత సందేహాకులమై యుండెను. ప్రజలలో పలువురు విలీనమునకు విముఖులని వారు కాంగ్రెసు పెద్దలకు తెలిపిరి. తుదకు విశాలాంధ్రకు సమ్మతించిరి. శాసనసభలో జరిగిన చర్చలో 103 మంది విలీనమును సమర్థించిరి. 29 మంది వ్యతిరేకించిరి. 15 మంది తటస్థులుగా నుండిరి. చిత్రమేమనగా, ఈ విషయమున ప్రతిపక్షమందలి కమ్యూనిస్టులు ముఖ్యమంత్రి త్రోవనే నడచిరి. విముఖత స్వపక్షమందే బలముగా నుండెను. విలీనము జరిగినచో హైదరాబాదు రాష్ట్రమే యుండదు, దాని ముఖ్యమంత్రి పదవియు నుండదు. అది తెలిసియే వారు సమ్మతించిరి.

వ్యతిరేకించినవారి భయములను తీర్చుటకై 1956 ఫిబ్రవరి 20వ తేదీన ఢిల్లీలో ఇరుప్రాంతముల నాయకులు పెద్దమనుషుల ఒప్పందము చేసికొనిరి. తెలంగాణ ఆదాయము తెలంగాణకే వినియోగపడవలెననియు, ఉద్యోగములలో స్థానికులకు రక్షణ యుండవలెననియు, ముఖ్యమంత్రి ఒక ప్రాంతమువారైనచో ఉపముఖ్యమంత్రి రెండవ ప్రాంతమువారు కావలెననియు అందుండెను. తెలంగాణ పక్షమున రామకృష్ణారావుగారును సంతకము చేసిరి.

1956 నవంబరు 1న ఆంధ్రప్రదేశ్ అవతరించెను. రామకృష్ణారావుగారు కేరళ గవర్నరుగా వెడలిరి. తమ సభలో కమ్యూనిస్టుల విమర్శల నెదుర్కొన్న వారే 1957లో అచ్చట కమ్యూనిస్టు మంత్రివర్గముచే ప్రమాణము చేయించిరి. 1959లో కేంద్రము ఆ మంత్రివర్గమును తొలగించుట నేటికిని వివాదాస్పదమే. పిదప వారు ఉత్తరప్రదేశ్ గవర్నరుగాను, రాజ్యసభ సభ్యులుగాను పనిచేసి 1967 సెప్టెంబరులో కీర్తిశేషులైరి.

వారు సంతకముచేసిన ఒప్పందము మాత్రము సరిగా అమలు కాలేదు. నూతన రాష్ట్రపు తొలి మంత్రివర్గమందే ఉపముఖ్యమంత్రి లేకుండెను. 1969లో తెలంగాణ ఆందోళన చెలరేగెను. 2014 జూన్ 2న తెలంగాణ ప్రత్యేక రాష్ట్రమయ్యెను. శక్కర్‌నగరు కర్మాగారము 2015 డిసెంబరులో మూతపడెను.

బాలబాలికలారా! శాసనసభలో విమర్శించువాడు శత్రువు కాడు. బయటనున్న ప్రజల గొంతుకయే అతని నోట పలుకును. దానిని చెవియొగ్గి వినుట, తప్పు జరిగినదా యని విచారణకు సిద్ధపడుట, చట్టమును సవరించుట, అవసరమైనచో పదవిని వదలుకొనుట సమాధాన మనిపించుకొనును. రామకృష్ణారావుగారి జీవితమున ఇవి కనబడును. మఱియొక పాఠమును వారి యనంతర చరిత్ర నేర్పుచున్నది. నాయకుడిచ్చిన మాట అతనితో ముగియదు. అతని తరువాత వచ్చినవారు దానిని నిలుపనిచో ఆ ప్రశ్న మరల లేచి నిలుచును.