ప్లేగు వీధుల్లో పటేల్

హైదరాబాదు సంస్థానాన్ని 1948లో దేశంలో కలిపిన సర్దార్ వల్లభభాయి పటేల్ పేరు వినని పల్లె లేదు. ఆయన ప్రజాసేవ మురుగు కాలువల దగ్గర మొదలైందని తెలిసినవారు తక్కువ.

1875లో గుజరాతులోని నడియాద్‌లో రైతు కుటుంబంలో జన్మించారు. బారిస్టరై అహమ్మదాబాదులో పేరు గడించారు. 1917లో పురపాలక సంఘానికి ఎన్నికై, పారిశుధ్య సంఘం అధ్యక్షులయ్యారు. ఆ ఏడే ప్లేగు విరుచుకుపడింది. బడులు, కోర్టులు మూతపడ్డాయి. కలిగినవారు ఊరు విడిచారు. కూలీలు పోకుండా మిల్లు యజమానులు ప్లేగు బోనసు ఇచ్చారు. పటేల్ మాత్రం కదలలేదు. వీధివీధీ తిరిగి కాలువలు బాగుచేయించారు, మందు చల్లించారు. చివరకు తానే జబ్బుపడ్డారు.

మరుసటి ఏడు ఖేడా జిల్లాలో పంటలు పోయాయి. రూపాయికి నాలుగణాల పంటైనా రాకపోతే శిస్తు వాయిదా వేయాలన్నది నిబంధన. అయినా అధికారులు వసూలుకు దిగారు. పటేల్ వకీలు పని పక్కనబెట్టి గాంధీజీ వెంట పల్లెలు తిరిగారు. శిస్తు కట్టగలవారే కట్టాలని, పేదలకు వాయిదా ఇవ్వాలని ఉత్తర్వు సాధించారు.

1924 నుంచి 1928 వరకు పురపాలక సంఘం అధ్యక్షులుగా ఉన్నారు. 1927 వరదల్లో నష్టపోయిన ఊళ్లకు తిండి, విత్తనాలు చేర్పించారు.

1950 డిసెంబరు 15న బొంబాయిలో కన్నుమూశారు. ఉప ప్రధాని పదవి వరకు ఎదిగిన ఆయనకు పాలనలో తొలి పాఠం ప్లేగు వీధులే నేర్పాయి.