కూలీగా కొండెక్కి గురువుగా నిలిచిన టెన్జింగ్

ప్రపంచంలోకెల్లా ఎత్తయిన ఎవరెస్టు శిఖరంపై 1953 మే 29న ఉదయం 11.30 గంటలకు మొదటిసారిగా కాలుమోపిన ఇద్దరిలో టెన్జింగ్ నార్గే ఒకరు. ఆయన పేరు బడిలో వినని వారు అరుదు. అయితే చదవను, వ్రాయను రాని ఆ షెర్పా తన వృత్తిలో అంచెలంచెలుగా ఎలా పైకి వచ్చారో తెలిసిన వారు తక్కువే.

టెన్జింగ్ 1914లో నిరుపేద కుటుంబంలో జన్మించారు. తండ్రి జడల బర్రెల కాపరి. 13 మంది సంతానంలో ఈయన 11వ వాడు. వారిలో చాలామంది పసితనంలోనే పోయారు. టెన్జింగ్ ఎవరెస్టుకు సమీపాన నేపాల్‌లోని థామే గ్రామంలో పెరిగారు. కొండలెక్కే దొరల దగ్గర పని దొరుకుతుందని 18 ఏళ్ల ప్రాయంలో ఇల్లు విడిచి డార్జిలింగ్ చేరారు.

చిరునవ్వే సిఫారసు

ఆ రోజుల్లో దొరల బృందాలు కూలీలను డార్జిలింగ్‌లోనే ఎంచుకునేవి. ఏ షెర్పా ఏ కొండకు వెళ్లాడు, ఎలా పనిచేశాడు అన్నది చిన్న పుస్తకంలో వ్రాసి ఇచ్చేవారు. షెర్పాకు అదే యోగ్యతాపత్రం. కొత్తవాడైన టెన్జింగ్‌కు చూపడానికి ఏమీ లేదు. 1933లో ఆయనను తీసుకోలేదు. 1935లో ఎరిక్ షిప్టన్ బృందం ఆయనను చేర్చుకున్నది. అనుభవం చూసి కాదు, ముఖంలోని చిరునవ్వు నచ్చి ఎంపిక చేశారు.

1936, 1938 సంవత్సరాలలో మళ్లీ ఎవరెస్టుకు వెళ్లారు. 1938లో సుమారు 27 వేల అడుగుల ఎత్తున గల ఆఖరి మకాం వరకు బరువులు మోశారు. అందుకు హిమాలయన్ క్లబ్ వారు 'టైగర్' పతకం ఇచ్చారు. షెర్పాలకు అంతకు మించిన పట్టా ఆనాడు లేదు.

1947లో స్విస్ బృందంతో కేదార్‌నాథ్ శిఖరానికి వెళ్లినప్పుడు సర్దారు గాయపడగా ఆ బాధ్యత టెన్జింగ్‌పై పడింది. సర్దారు అంటే మన మేస్త్రీ వంటివాడు. కూలీలను కుదర్చడం, బరువులు పంచడం, కూలి ఇప్పించడం, తగాదాలు తీర్చడం అన్నీ అతని పనే. పైగా అందరితోపాటు కొండ ఎక్కాలి.

1952లో స్విస్ వారు ఆయనను సర్దారుగానే గాక తమతో సమానంగా కొండలెక్కే సభ్యునిగా గౌరవించారు. రేమండ్ లాంబర్ట్‌తో కలిసి సుమారు 28,200 అడుగుల వరకు వెళ్లి వెనుదిరిగారు. అంతవరకు అంత ఎత్తు ఎక్కిన వారు లేరు.

ప్రాణం నిలిపిన తాడు

1953లో జాన్ హంట్ నాయకత్వాన బ్రిటిష్ బృందం వచ్చింది. ఖాట్మండులో షెర్పాలకు రాయబార కార్యాలయం మోటారు షెడ్డులో బస ఇచ్చినందుకు వారు ఆగ్రహించారు. ఇరువైపులా మాటపోకుండా సర్దిచెప్పిన భారం టెన్జింగ్‌దే. దారిలో ఎడ్మండ్ హిల్లరీ కాలికింది మంచు విరిగి లోయలోకి జారిపోగా, టెన్జింగ్ మంచుగొడ్డలి గుచ్చి తాడు బిగించి కాపాడారు. ఆ తరువాతే వారిద్దరూ జోడీ అయ్యారు. టెన్జింగ్‌కు అది ఎవరెస్టుపై ఏడవ ప్రయత్నం.

విజయం తరువాత హంట్, హిల్లరీలకు 'సర్' బిరుదు లభించగా, టెన్జింగ్‌కు జార్జి పతకం మాత్రమే ఇచ్చారు. ముందు ఎవరు ఎక్కారన్న వాదులాట కొంతకాలం నడిచింది. హిల్లరీయే ఒక అడుగు ముందున్నారని టెన్జింగ్ 1955లో వెలువడిన తన జీవితకథలో స్వయంగా చెప్పి ఆ వివాదాన్ని ముగించారు. మన ప్రభుత్వం 1959లో ఆయనకు పద్మభూషణ్ ఇచ్చింది.

గురుపీఠం

1954లో నెహ్రూ చొరవతో డార్జిలింగ్‌లో హిమాలయన్ మౌంటెనీరింగ్ ఇన్‌స్టిట్యూట్ వెలిసింది. అందులో టెన్జింగ్ క్షేత్రశిక్షణకు తొలి డైరెక్టర్. అంతవరకు ఆయనకు తెలిసినదంతా పనిలో నేర్చుకున్నదే. అందుకే ఆ ఏడాది స్విట్జర్లాండ్ వెళ్లి, 40వ ఏట విద్యార్థియై తాడు కట్టడం, మంచుపై మెట్లు కొట్టడం, ఇతరులకు నేర్పే పద్ధతి అభ్యసించారు. 1976 వరకు ఆ పదవిలో ఉన్నారు. 1986 మే 9న డార్జిలింగ్‌లో కన్నుమూశారు.

నిజామాబాదు జిల్లా పాకాల గ్రామానికి చెందిన కూలి కుటుంబపు బిడ్డ మాలావత్ పూర్ణ 2014 మే 25న 13వ ఏట ఎవరెస్టు ఎక్కింది. ఖమ్మం జిల్లా విద్యార్థి ఆనంద్ కుమార్ ఆమె వెంట ఉన్నాడు. అంతకు ముందు వారు డార్జిలింగ్ కొండల్లో శిక్షణ పొందారు. ఒకనాడు చూపడానికి చిన్న కాగితం కూడా లేని కూలీ కొలువుతీరి పాఠం చెప్పిన ఊరు అదే.

పని తెలిసిన చేతికి చదువు లేదని చులకన చేయరాదు. పని తెలుసు గదా అని నేర్చుకోవడం మానరాదు. టెన్జింగ్ బ్రతుకు ఈ రెండూ చెబుతోంది.