నూర్ ఇనాయత్ ఖాన్: టిప్పు సుల్తాన్ వంశపు అమ్మాయి.. నాజీల గుప్పిట్లోని పారిస్‌లో రేడియోతో నాలుగు నెలలు!

1943 జూన్ 16 రాత్రి. ఇంగ్లండ్ నుంచి బయల్దేరిన రెండు చిన్న లైసాండర్ విమానాలు ఫ్రాన్స్‌లోని ఆంజే పట్టణం దగ్గర పొలాల్లో దిగాయి. అప్పటికి ఫ్రాన్స్‌లో చాలా భాగం జర్మనీ సైన్యం గుప్పిట్లో ఉంది. ఆ విమానాల్లో ముగ్గురు మహిళలు వచ్చారు. ముగ్గురూ బ్రిటన్ రహస్య ఏజెంట్లే. వాళ్లలో ఒక్కరు కూడా ప్రాణాలతో తిరిగి వెళ్లలేదు. ఆ ముగ్గురిలో ఒకరే 29 ఏళ్ల నూర్ ఇనాయత్ ఖాన్.

ఇంతకీ ఎవరీ నూర్?

1914 జనవరి 1న మాస్కోలో పుట్టింది. తండ్రి హజ్రత్ ఇనాయత్ ఖాన్ బరోడాకు చెందిన సంగీత విద్వాంసుడు, సూఫీ గురువు. టిప్పు సుల్తాన్ వంశానికి చెందినవారు. తల్లి ఓరా రే బేకర్ అమెరికన్. ఈ కుటుంబానికి మన హైదరాబాద్‌తోనూ అనుబంధం ఉంది. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ ముందు పాడి మెప్పు పొందిన ఇనాయత్ ఖాన్, సూఫీ గురువు దగ్గర శిష్యరికం చేసింది కూడా ఈ నగరంలోనే. 1910లో ఆయన విదేశాలకు వెళ్లిపోయారు.

మొదటి ప్రపంచ యుద్ధం రావడంతో కుటుంబం లండన్ చేరింది. 1920లో ఫ్రాన్స్‌కు మారి, పారిస్ శివార్లలోని సురేన్‌లో స్థిరపడింది. 1927లో తండ్రి ఢిల్లీలో కన్నుమూశారు. ఆ దుఃఖంలో తల్లి మంచం పట్టినంత పనైంది. ఇద్దరు తమ్ముళ్లు, ఒక చెల్లి. 13 ఏళ్ల నూర్ మీదే ఇంటి భారం పడింది.

అయినా చదువు ఆపలేదు. సోర్బాన్ యూనివర్సిటీలో పిల్లల మనస్తత్వ శాస్త్రం చదివింది. సంగీతం నేర్చుకుంది. పిల్లల కోసం పత్రికలకు, రేడియోకు కథలు రాసింది. బుద్ధుడి జాతక కథల్లోంచి 20 ఎంచుకుని ఇంగ్లిష్‌లో రాసిన పుస్తకం 1939లో అచ్చయింది. తన వాళ్లను కాపాడటానికి సొంత శరీరాన్నే వంతెనగా చేసిన వానరరాజు కథ కూడా అందులో ఉంది.

పుస్తకం వచ్చిన ఏడాదే యుద్ధం

అంతకు ఏడాది ముందే, 1938 సెప్టెంబర్‌లో, మ్యూనిక్‌లో బ్రిటన్, ఫ్రాన్స్ కలిసి చెకోస్లొవేకియాలోని సుడెటెన్ ప్రాంతాన్ని హిట్లర్‌కు అప్పగించేశాయి. దాంతో యుద్ధం తప్పిందనుకున్నాయి. తప్పలేదు. 1939 మార్చిలో జర్మనీ సైన్యం ప్రాగ్‌లోకి వెళ్లింది. సెప్టెంబర్ 1న పోలండ్‌పై విరుచుకుపడింది. రెండు రోజులకే బ్రిటన్, ఫ్రాన్స్ యుద్ధం ప్రకటించాయి. 1940 మే 10న హిట్లర్ సేనలు పశ్చిమం వైపు కదిలాయి. జూన్ 14 నాటికి పారిస్ పడిపోయింది.

అప్పుడు నూర్ కుటుంబం ముందు పెద్ద ప్రశ్న నిలిచింది. తండ్రి నేర్పింది అహింస. కళ్ల ముందు జరుగుతున్నది నాజీల దురాగతం. ఎవరినీ చంపకూడదు, కానీ చేతులు కట్టుకుని కూర్చోకూడదు. నూర్, ఆమె తమ్ముడు విలాయత్ ఒక మాట అనుకున్నారు. చంపే పని కాకపోయినా సరే, ప్రాణానికి ప్రమాదం ఎక్కువగా ఉన్న పనిలోనే చేరాలని నిర్ణయించుకున్నారు. శరణార్థుల గుంపుల మధ్య బోర్డో వరకు వెళ్లి, ఓడలో ఇంగ్లండ్ చేరారు.

అదే ఏడాది నవంబర్‌లో నూర్ బ్రిటిష్ వైమానిక దళం మహిళా విభాగంలో చేరింది. అక్కడే వైర్‌లెస్ పని నేర్చుకుంది. అధికారి హోదా కోసం జరిగిన ఇంటర్వ్యూలో భారత స్వాతంత్ర్యం గురించి అడిగితే, దాన్ని సమర్థిస్తున్నానని దాచకుండా చెప్పేసింది. ఆమె పూర్వీకుడు టిప్పు 1799లో శ్రీరంగపట్నంలో ప్రాణాలు వదిలింది ఇదే బ్రిటిష్ సైన్యంతో పోరాడుతూ. ఆ రోజు నిజాం సేన కూడా బ్రిటిష్ వైపే ఉంది. అవన్నీ తెలిసినా, నాజీలను ఓడించడమే ముందు పని అని ఆమె నమ్మింది.

అబద్ధం ఆడలేని ఏజెంట్

ఫ్రెంచ్ ధారాళంగా మాట్లాడుతుంది, వైర్‌లెస్ తెలుసు. ఎస్‌ఓఈ అనే రహస్య సంస్థ కన్ను ఆమెపై పడింది. శత్రువు చేతిలో ఉన్న దేశాల్లో తిరుగుబాటుదారులకు సాయం చేయడానికి 1940లో బ్రిటన్ పెట్టిన సంస్థ ఇది. అయితే శిక్షణ ఇచ్చిన వాళ్లలో కొందరు ఈ అమ్మాయి పనికిరాదని తేల్చేశారు. మెతక మనిషి, కంగారు పడుతుంది, ఆయుధాలంటే బెదురు. అన్నిటికీ మించి అబద్ధం ఆడటం ఆమె వల్ల కాదు. ఏజెంట్ బతికేదే అబద్ధం మీద కదా! కానీ రేడియో ఆపరేటర్ల కొరత తీవ్రంగా ఉంది. చివరికి పంపించాలనే నిర్ణయించారు.

అలా నాజీల ఆధీనంలోని ఫ్రాన్స్‌కు బ్రిటన్ పంపిన తొలి మహిళా రేడియో ఆపరేటర్‌గా నూర్ చరిత్రకెక్కింది. మారుపేరు మాడెలిన్. అప్పట్లో అక్కడ ఆపరేటర్ ఆరు వారాలు బతికితే గొప్పే అనుకునేవారు. సిగ్నల్ ఎక్కడి నుంచి వస్తోందో పసిగట్టే జర్మన్ వ్యాన్లు వీధుల్లో తిరిగేవి.

రమ్మంటే రానంది

అసలు పరీక్ష వారానికే వచ్చింది. నూర్ పని చేయాల్సిన ప్రాస్పర్ అనే రహస్య దళం నాయకుడు జూన్ 24న దొరికిపోయాడు. తర్వాత వరసగా అరెస్టులు. రేడియో సెట్లు కూడా జర్మన్ల చేతికి పోయాయి. వెనక్కి వచ్చేయమని లండన్ నుంచి కబురొచ్చింది. నూర్ ఒప్పుకోలేదు. తాను వెళ్లిపోతే మిగిలిన వాళ్లకు లండన్‌తో మాట్లాడే దారే ఉండదని, తన స్థానంలో ఇంకొకరు వచ్చేదాకా కదలనని తేల్చి చెప్పింది.

అక్కడి నుంచి రోజుకో ఇల్లు, జుట్టుకు కొత్త రంగు. సూట్‌కేసులో బరువైన రేడియో సెట్. పెట్టెలో ఏముందని ఓసారి జర్మన్లు ఆపితే, సినిమా ప్రొజెక్టర్ అని చెప్పి బయటపడిందని ఆమె జీవితకథ రాసినవాళ్లు చెబుతారు. అబద్ధం రాదనుకున్న అమ్మాయి అలా దాదాపు నాలుగు నెలలు నెట్టుకొచ్చింది. ఆయుధాలు, డబ్బు ఎక్కడ దించాలో, కూలిన విమానాల పైలట్లను ఎలా దాటించాలో.. ఆ కబుర్లన్నీ ఆమె వేళ్ల మీదుగానే లండన్ చేరాయి.

అక్టోబర్ మధ్యలో ఎవరో సమాచారం ఇవ్వడంతో నూర్ పట్టుబడింది. విచారణలో నోరు విప్పలేదు. కానీ గదిలో ఒక నోటుపుస్తకం దొరికింది. పంపిన సందేశాలు, సంకేతాలు అన్నీ అందులో రాసి ఉన్నాయి. సందేశాలు జాగ్రత్తగా ఫైల్ చేయాలన్న సూచనను, దాచిపెట్టాలని ఆమె పొరపాటుగా అర్థం చేసుకుందంటారు. ఆ పుస్తకంతో జర్మన్లు ఆమె పేరు మీదే లండన్‌కు సందేశాలు పంపడం మొదలుపెట్టారు. మాడెలిన్‌కు ఏదో జరిగిందన్న హెచ్చరిక అందినా లండన్ అధికారులు పట్టించుకోలేదు. ఫలితంగా కొత్త ఏజెంట్లు ప్యారాచూట్లతో నేరుగా జర్మన్ల చేతుల్లోనే దిగారు.

మాట ఇవ్వలేదు.. జైలు మారింది

నూర్ రెండుసార్లు పారిపోవడానికి ప్రయత్నించింది. 1943 నవంబర్‌లో ఇద్దరు తోటి ఖైదీలతో కలిసి పైకప్పు మీదికి ఎక్కింది కూడా. అదే సమయంలో వైమానిక దాడి సైరన్ మోగింది. కాపలావాళ్లు గదులు తనిఖీ చేయడంతో దొరికిపోయారు. మళ్లీ పారిపోమని మాట ఇస్తే పారిస్‌లోనే ఉంచుతామని జర్మన్ అధికారి అన్నాడు. ముగ్గురిలో ఒకరు మాట ఇచ్చి అక్కడే ఉండిపోయారు. నూర్ ఇవ్వలేదు. ఉత్తుత్తి మాట ఇచ్చినా సరిపోయేది. ఆమె అదీ చేయలేదు.

వెంటనే జర్మనీలోని ఫోర్జ్‌హైమ్ జైలుకు పంపేశారు. చేతులకు, కాళ్లకు గొలుసులు. ఎవరితోనూ మాట్లాడనివ్వలేదు. అలా దాదాపు పది నెలలు. అయినా తిండి పెట్టే గిన్నె అడుగున గీతలతో రాసి పక్క ఖైదీలకు తానెవరో తెలియజేసింది.

1944 సెప్టెంబర్‌లో ఆమెతో పాటు మరో ముగ్గురు మహిళా ఏజెంట్లను డాకౌ నిర్బంధ శిబిరానికి తరలించారు. సెప్టెంబర్ 13న నలుగురినీ కాల్చి చంపారు. నూర్ వయసు 30. ఆ నలుగురిలో మాడెలిన్ దమెర్మాన్ కూడా ఉంది. నూర్ పేరు మీద జర్మన్లు పంపిన దొంగ సందేశాలను నమ్మి, ఆ ఏడాది ఫిబ్రవరిలో లండన్ పంపిన ఏజెంట్ ఆమె.

సమాధి కూడా లేదు

ఎనిమిది నెలల తర్వాత యూరప్‌లో యుద్ధం ముగిసింది. నూర్ ఏమైందో మాత్రం చాలాకాలం తెలియలేదు. వేరే శిబిరంలో చనిపోయిందని మొదట పొరబడ్డారు. 1947లో గానీ డాకౌ సంగతి బయటపడలేదు. ఫ్రాన్స్ క్రోయ్ ద గేర్ పతకం ఇచ్చింది. బ్రిటన్ 1949లో జార్జ్ క్రాస్ ప్రకటించింది. యుద్ధరంగం బయట చూపిన ధైర్యానికి అక్కడ ఇచ్చే అత్యున్నత పురస్కారం అది.

ఆమెకు సమాధి లేదు. ఇంగ్లండ్‌లోని రన్నీమీడ్ వైమానిక దళ స్మారకంపై పేరు మాత్రం చెక్కి ఉంది. 2012లో లండన్ గోర్డన్ స్క్వేర్‌లో విగ్రహం పెట్టారు. 2020లో టావిటన్ స్ట్రీట్‌లోని నాలుగో నంబర్ ఇంటికి ఆమె పేరుతో నీలి ఫలకం బిగించారు. భారత సంతతి మహిళకు లండన్‌లో ఆ గౌరవం దక్కడం అదే మొదటిసారి. ఫ్రాన్స్‌కు బయల్దేరే ముందు నూర్ కుటుంబం ఉన్న ఇల్లు అది.