కారొలిన్ నార్టన్

కారొలిన్ నార్టన్ (మార్చి 22, 1808 - జూన్ 15, 1877) ప్రముఖ ఆంగ్ల రచయిత్రి. ఇంగ్లాండులో వివాహిత స్త్రీలకు చట్టపరమైన హక్కుల కొరకు కృషి చేసినది. నాటకకర్త రిచర్డ్ బ్రిన్స్‌లీ షెరిడన్ ఈమెకు పితామహుడు.

వివాహం

ఈమె లండన్‌లో జన్మించినది. 1827లో జార్జి నార్టన్ అనే న్యాయవాదితో వివాహం జరిగినది. ముగ్గురు కుమారులు కలిగారు. భర్త కోపిష్ఠి, ఆమెను కొట్టేవాడు. సంసారానికి ఆమె రచనల వలన వచ్చే సొమ్ము ఎంతో ఆసరా అయినా, చట్టం ప్రకారం ఆ సొమ్ము భర్తదే.

1836 వ్యాజ్యం

1836లో దంపతులు విడిపోయారు. పిల్లలను భర్త తన అధీనంలో ఉంచుకున్నాడు. తన భార్యతో అక్రమ సంబంధం ఉన్నదని ప్రధానమంత్రి లార్డ్ మెల్బోర్న్‌పై 10,000 పౌండ్ల నష్టపరిహారానికి దావా వేశాడు. ఇటువంటి దావాలో వాది భర్త, ప్రతివాది పరపురుషుడు. భార్య కక్షిదారు కాదు. విచారణ ఆమె శీలం గురించే అయినా, ఆమెకు సాక్ష్యం చెప్పుకొనే అవకాశం లేదు. పనినుండి తొలగింపబడిన సేవకుల సాక్ష్యాలను జూరీ నమ్మలేదు. ఆసనాలనుండి లేవకుండానే మెల్బోర్న్ పక్షాన తీర్పు చెప్పినది.

అయితే భార్య దోషం రుజువు కానందున వివాహబంధం తెగలేదు. భర్త క్రూరత్వం కారణంగా ఆమె కోర్టుకు వెళ్ళుటకూ వీలులేకపోయినది. ఒకసారి ఇల్లు విడిచి తిరిగి వచ్చినందున, పాత తప్పులను ఆమె క్షమించినట్లే చట్టం లెక్క!

చట్టాలు

ఈమె వ్రాసిన కరపత్రాలు 1839 నాటి శిశు సంరక్షణ చట్టానికి దోహదం చేశాయి. ఏడేళ్ళలోపు పిల్లల సంరక్షణను తల్లి కోరవచ్చునని ఆ చట్టం చెప్పినది. కాని అది స్కాట్లాండుకు వర్తించదు, పిల్లలు ఉన్నది అక్కడే. 1842లో చిన్న కుమారుడు గుర్రంపైనుండి పడి గాయపడి మరణించాడు. తల్లి చేరేసరికే ప్రాణం పోయినది.

1857 వైవాహిక చట్టం విడాకులను పార్లమెంటు నుండి న్యాయస్థానానికి మార్చినది. భర్త విడిచిపెట్టిన స్త్రీ సంపాదన ఆమెకే చెందేలా చేసిన నిబంధనలలో ఈమె ప్రభావం ఉన్నది. అయినా భర్తకు భార్య వ్యభిచారం ఒక్కటి రుజువు చేస్తే చాలు. భార్య మాత్రం దానితోపాటు క్రూరత్వం, రెండేళ్ళ పరిత్యాగం వంటి మరొక దోషం కూడా రుజువు చేయాలి. ఇంగ్లాండులో ఈ తేడా 1923లో తొలగినది. భారత క్రైస్తవులకు వర్తించే 1869 విడాకుల చట్టంలో ఇదే తేడా 2001 సవరణ వరకు నిలిచినది. దోషం చూపవలసిన అవసరమే ఇంగ్లాండులో 2022 ఏప్రిల్‌లో పోయినది.

స్త్రీపురుషులు సమానులని ఈమె వాదించలేదు. చట్టరక్షణ మాత్రమే కోరినది. కనుక స్త్రీవాది అనుట అంత సరికాదు.

చివరి రోజులు

1875లో భర్త మరణించేవరకు ఈమె చట్టరీత్యా ఆయన భార్యగానే ఉన్నది. 1877 మార్చిలో పాతమిత్రుడు విలియం స్టిర్లింగ్ మాక్స్‌వెల్‌ను వివాహమాడి, మూడు నెలలకే మరణించినది.