పుట్టని యంత్రానికి ప్రోగ్రాం రాసిన అడా లవ్‌లేస్

మన హాస్టల్ నుండి పాలిటెక్నిక్, ఇంజనీరింగ్‌లలో చేరిన తమ్ముళ్ళు, చెల్లెళ్ళు మమ్మల్ని తరచుగా అడిగే ప్రశ్న ఒకటుంది. చిన్న చిప్‌లలో నడిచే సాఫ్ట్‌వేర్ రాయాలంటే ఏ భాష నేర్చుకోవాలి? జవాబు చెప్పే ముందు, అలాంటి పనుల కోసమే పుట్టిన ఒక భాషకు తన పేరునిచ్చిన మహిళ జీవితాన్ని తెలుసుకుందాం.

అడా 1815 డిసెంబర్ 10న లండన్‌లో జన్మించింది. తండ్రి ప్రఖ్యాత కవి లార్డ్ బైరన్. ఆమె నెలల పసికందుగా ఉన్నప్పుడే తల్లిదండ్రులు విడిపోయారు. ఆమెకు ఎనిమిదేళ్ళప్పుడు తండ్రి గ్రీసులో మరణించాడు. కూతురికి తండ్రి ఆవేశం అబ్బకూడదని తల్లి చిన్ననాటి నుండే గణితం చెప్పించింది. 1829లో తట్టు సోకి కాళ్ళు చచ్చుబడ్డాయి. చాలాకాలం మంచానికే పరిమితమై, తర్వాత ఊతకర్రలతో నడిచింది. అయినా చదువు ఆపలేదు.

ఆమె సంపన్నుల బిడ్డ. మనలాగా ఫీజు కోసం, మెస్ బిల్లు కోసం ఎదురుచూడలేదు. కానీ ఆ రోజుల్లో ఇంగ్లండులో ఏ విశ్వవిద్యాలయమూ స్త్రీలను చేర్చుకునేది కాదు. అందుకే గణిత శాస్త్రవేత్త డి మోర్గాన్ దగ్గర ఉత్తరాల ద్వారా పాఠాలు నేర్చుకుంది. అప్పటికే ఆమెకు పెళ్ళయింది, పిల్లలున్నారు.

1833లో పదిహేడేళ్ళ వయసులో ఆమె ఛార్లెస్ బాబేజ్‌ను కలుసుకుంది. ఆయన తర్వాత రూపకల్పన చేసిన అనలిటికల్ ఇంజన్ గురించి ఇటలీ ఇంజనీరు మెనబ్రియా 1842లో ఫ్రెంచిలో వ్యాసం రాశాడు. అడా దాన్ని ఇంగ్లీషులోకి అనువదించి, 1843లో తన వివరణలతో ప్రచురించింది. ఆ వివరణలు మూల వ్యాసానికి దాదాపు మూడు రెట్లు! బెర్నౌలీ సంఖ్యలను యంత్రంతో లెక్కించే పద్ధతిని అందులో పట్టికగా వేసింది. ఏ మెట్టులో ఏ గడిలోని సంఖ్య మారుతుందో, ఏ మెట్లు తిరిగి చేయాలో అందులో ఉంది. ఇందులో బాబేజ్ పాలు ఎంత అన్న చర్చ చరిత్రకారుల మధ్య నేటికీ ఉంది. ఆ యంత్రం మాత్రం ఆయన జీవితకాలంలో పూర్తికాలేదు. 1852 నవంబర్ 27న, 36వ ఏట, క్యాన్సర్‌తో అడా కన్నుమూసింది.

శతాబ్దం దాటాక అమెరికా రక్షణ శాఖకు ఒక చిక్కు వచ్చింది. విమానాల్లో, ఆయుధాల్లో ఉండే కంప్యూటర్లకు వందలాది భాషలు వాడుతుండటంతో ఖర్చు పెరిగి, మరమ్మతు కష్టమైంది. పోటీ పెట్టి 1979లో ఫ్రాన్సుకు చెందిన జాన్ ఇష్‌బియా బృందం రూపొందించిన భాషను ఎంచుకున్నారు. దానికి అడా అని పేరు పెట్టి, ఆమె పుట్టినరోజైన 1980 డిసెంబర్ 10న ప్రమాణంగా ఆమోదించారు. ఆ ప్రమాణానికి ఆమె పుట్టిన సంవత్సరమైన 1815నే సంఖ్యగా ఇచ్చారు. బోయింగ్ 777 విమానంలో ఈ భాష విస్తృతంగా వాడారు.

మరి మంచి భాష దొరికితే అంతా భద్రమేనా? కాదు. 1996 జూన్ 4న ఏరియాన్ 5 రాకెట్ తొలి ప్రయోగంలో సుమారు 40 సెకన్లకే పేలిపోయింది. అందులోని ప్రోగ్రాం అడాలోనే ఉంది. పాత ఏరియాన్ 4 కోసం రాసినదాన్ని కొత్త రాకెట్‌లో అలాగే వాడారు. 64 బిట్ల సంఖ్యను 16 బిట్లలోకి మార్చబోతే అది పట్టలేదు. ఆ మార్పిడి దగ్గర రక్షణ పెట్టలేదు.

కాబట్టి తమ్ముళ్ళారా, చెల్లెళ్ళారా! భాషను ఫ్యాషన్ చూసి ఎంచుకోకండి. చిప్‌లో మెమరీ ఎంత, దానికి ఏ కంపైలర్ దొరుకుతుంది, తప్పు జరిగితే ఎవరి ప్రాణం పోతుంది అని అడిగి ఎంచుకోండి. చిన్న మైక్రోకంట్రోలర్‌కు సి భాష చాలాచోట్ల సరిపోతుంది, నేర్చుకోవడానికి అదే మంచి మొదలు. కానీ అందులో పొరపాటును పట్టుకోవలసిన భారం ఎక్కువగా మనమీదే ఉంటుంది. ప్రాణాలతో ముడిపడిన చోట అడా, రస్ట్ వంటి భాషలు ఎన్నో తప్పులను ముందే పట్టిస్తాయి. ఏ భాషైనా, ఏ గడిలో ఏముందో కాగితం మీద వేసి చూసుకునే అలవాటు ముఖ్యం. ముందు యంత్రమే లేకుండా అడా చేసింది అదే. మన దగ్గర కంప్యూటర్ లేని రోజున కూడా మనం చేయగలిగింది అదే.