నల్లబడిన పొత్తిగుడ్డలు

లండన్ గ్రేట్ ఆర్మండ్ స్ట్రీట్ పిల్లల ఆసుపత్రి పేరు మనలో చాలామంది వినే ఉంటారు. అక్కడ పనిచేసిన డాక్టర్ ఆర్చిబాల్డ్ గారాడ్ (1857–1936) గారి పేరు మాత్రం అంతగా తెలియదు.

ఆల్కాప్టన్యూరియా అనే అరుదైన జబ్బులో మూత్రం గాలి తగిలితే నల్లబడుతుంది. పేగుల్లోని క్రిములే కారణమని అప్పటి వైద్యులు నమ్మేవారు. 1901లో అలాంటి బిడ్డ ఉన్న ఇంట్లోనే మరో కాన్పు వచ్చింది. గారాడ్ పొత్తిగుడ్డలను గమనించే ఏర్పాటు చేశారు. మూడో రోజుకే మరక పడింది! అంటే జబ్బు పుట్టుకతో వచ్చిందే. ఆరా తీస్తే తల్లిదండ్రులు అక్కచెల్లెళ్ళ పిల్లలు. మన వరసలో వాళ్ళు అన్నాచెల్లెళ్ళు, పెళ్ళి మాటే ఉండదు. కానీ మనం ముచ్చటపడి చేసుకునే మేనరికానికీ ఈ జబ్బు విషయంలో లెక్క ఒకటే.

బేట్‌సన్ సలహాతో దీన్ని మెండెల్ సూత్రాలకు ముడిపెట్టి 1902లో లాన్సెట్‌లో ప్రకటించారు. ఒక ఎంజైము లేకపోవడమే మూలమని 1909 నాటి పుస్తకంలో వివరించారు. ప్రోగ్రాములో ఒక్క లైను ఎగిరిపోయినట్టన్నమాట! దశాబ్దాలపాటు ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు.

యుద్ధంలో ఇద్దరు కొడుకులు, 1919 ఫ్లూలో మూడోవాడు పోయారు. ఆ మరుసటి ఏడే ఆక్స్‌ఫర్డ్ ఆచార్య పదవి చేపట్టారు. ఎంజైము లోపం 1958లో రుజువైంది, జన్యువు 1996లో దొరికింది. లివర్‌పూల్ వైద్యులు ముందుండి జరిపిన పరీక్షల తర్వాత, 2020లో నిటిసినోన్ మందుకు యూరప్‌లో అనుమతి వచ్చింది.