ముప్పది రూపాయల బారిష్టరు

గాంధీజీ పేరు వినని విద్యార్థి మన పాఠశాలలలో ఉండడు. చంపారన్ ఉద్యమము, దండియాత్ర, క్విట్ ఇండియా పోరాటము మొదలైనవానిని మన బాలురు తేదీలతో సహా అప్పగింపగలరు. కాని మహాత్ముడు కాకముందు ఆయన కేసులు దొరకని ఒక జూనియరు బారిష్టరు అన్న సంగతిని పాఠ్యగ్రంథములు ఒక్క వాక్యముతో దాటిపోవుచుండును. ఆ ఒక్క వాక్యము వెనుక ఇరువది మూడేండ్ల కథ ఉన్నది. బంధువుల నడుమ వ్యాజ్యము, కూలివాని కష్టము, వివాహబంధమునకు చట్టములో గల స్థానము - ఈ మూడును ఆ యువకునికి న్యాయశాస్త్రమును నేర్పిన బడులు.

మోహనదాసు 1869 అక్టోబరు 2వ తేదీన పోరుబందరులో జన్మించినారు. 1888లో ఇంగ్లండుకు పోయి, ఇన్నర్ టెంపులు అను న్యాయవిద్యాసంస్థలో చేరినారు. 1891 జూన్ 10వ తేదీన బారిష్టరు పట్టము వచ్చినది. మరునాడు హైకోర్టులో పేరు నమోదైనది. ఆ మరునాడే ఓడ ఎక్కినారు. ఆయన అక్కడ చదివినది రోమనుల ధర్మశాస్త్రము, ఆంగ్లేయుల సామాన్య చట్టము. హిందూ ధర్మశాస్త్రముగాని, మహమ్మదీయ న్యాయముగాని ఒక్క అక్షరమైనను ఆ చదువులో లేదు. ఒక అర్జీ ఎట్లు వ్రాయవలెనో కూడ తెలియకుండగనే ఆయన బారిష్టరు అయినారు.

బొంబాయిలో కాపురము పెట్టి, చదువు మరల మొదలిడినారు. మద్రాసు న్యాయవాదులలో పేరెన్నికగన్న మేన్ దొర వ్రాసిన హిందూ లా గ్రంథమును మక్కువతో చదివినారు. సివిలు ప్రొసీజరు కోడు మాత్రము కొరుకుడు పడలేదు. కోర్టు హాలులో కూర్చుండి వాదములు వినుచు, అర్థముకాని చోట కునికిపాట్లు పడిన దినములు కూడ లేకపోలేదు. తుదకు స్మాల్‌కాజు కోర్టులో మామీబాయి అను స్త్రీకి సంబంధించిన చిన్న దావా ఒకటి దొరికినది. కేసు తెచ్చిన దళారికి కమీషను ఇయ్యవలెనని పలువురు చెప్పినను ఆయన అంగీకరింపలేదు. ఫీజు 30 రూపాయలు. ప్రతివాది పక్షమున సాక్షులను క్రాసు పరీక్ష చేయుటకు లేచి నిలువబడినారు. కాళ్లు వణకినవి, తల తిరిగినది, ఒక్క ప్రశ్నయైనను నోట రాలేదు. కూర్చుండిపోయి, కేసును వేరొక వకీలునకు అప్పగింపుమని చెప్పి, ఫీజు వాపసు చేసి, కోర్టు వెలుపలికి వచ్చినారు. ఆ రెండవ వకీలు 51 రూపాయలు పుచ్చుకొని ఆ పనిని అవలీలగా ముగించినాడు.

ఉపాధ్యాయులు ఆసక్తితో వినదగిన విషయమొకటి ఇక్కడ ఉన్నది. బొంబాయిలోని ఒక ఉన్నత పాఠశాలకు దినమునకొక గంట ఇంగ్లీషు చెప్పుటకు 75 రూపాయల జీతముపై ఉపాధ్యాయుడు కావలెనని పత్రికలో ప్రకటన వచ్చినది. బారిష్టరు గాంధీ దరఖాస్తు పెట్టుకొన్నారు. పట్టభద్రుడు కాడను కారణముచేత ఆ కొలువు రాలేదు. అది వచ్చియుండినచో దేశచరిత్ర ఏ మలుపు తిరిగెడిదో ఊహకు అందదు.

ఆరు మాసములకే బొంబాయి విడిచి రాజకోటకు పోయి, అన్నగారి ప్రాపుతో అర్జీలు, వినతిపత్రములు వ్రాయు పనిలో కుదురుకొన్నారు. నెలకు సుమారు 300 రూపాయలు వచ్చుచుండినవి. అయితే ఆ పని తన ప్రజ్ఞచేత వచ్చినది కాదని, అన్నగారి పలుకుబడి వలన వచ్చినదని ఆయనకు తెలియును. బొంబాయిలో కాదన్న కమీషను పద్ధతికి రాజకోటలో తలవంచక తప్పలేదు. బ్రిటిషు పొలిటికల్ ఏజెంటు కచేరీలో జరిగిన అవమానము తోడై, ఆ వాతావరణమే ఆయనకు వెగటు పుట్టినది.

అట్టి సమయమున దాదా అబ్దుల్లా కంపెనీవారి నుండి పిలుపు వచ్చినది. దక్షిణాఫ్రికాలో వారికి పెద్ద దావా నడుచుచున్నది. వారి తెల్ల వకీళ్లకు గుజరాతీ లెక్కలు తెలియజెప్పి తోడ్పడవలెను. ఒక్క ఏడాది పని, రాకపోకల ఖర్చులు, బస గాక 105 పౌనుల ప్రతిఫలము. ఇది బారిష్టరు హోదా కంటె గుమాస్తా కొలువునకు దగ్గర. అయినను 1893 ఏప్రిలులో ఆయన ఓడ ఎక్కినారు. ఆ జూన్ మాసమున పీటర్‌మారిట్స్‌బర్గు స్టేషనులో మొదటి తరగతి పెట్టె నుండి ఆయనను దింపివేసిన వృత్తాంతము లోకవిదితము.

ప్రిటోరియా కోర్టులో నడుచుచున్న ఆ వ్యాజ్యము 40,000 పౌనులకు వేసిన దావా. వాది దాదా అబ్దుల్లా, ప్రతివాది తయ్యబ్ సేఠు. ఇరువురును దగ్గర బంధువులు, ఒకే ఊరివారు. గాంధీ మొదట జమాఖర్చుల పుస్తకములు వ్రాయు పద్ధతి నేర్చుకొన్నారు. తరువాత కాగితములన్నియు తిరుగవేసినారు. చట్టము తమ కక్షిదారుని పక్షముననే ఉన్నదని తేలినది. కాని వ్యాజ్యము సాగినకొలది వకీళ్ల ఫీజులు పెరుగుచుండెను, ఇరువురి వ్యాపారములు చెడుచుండెను, బంధుత్వము పగగా మారుచుండెను. కోర్టులో గెలిచినవానికైనను ఖర్చులు పూర్తిగా తిరిగిరావు.

ఆ జూనియరు వకీలు ఇరువురి ఇండ్లకును తిరిగి మధ్యవర్తి తీర్పునకు ఒప్పించినారు. మధ్యవర్తి దాదా అబ్దుల్లాకు 37,000 పౌనులు, ఖర్చులు ఇప్పించినాడు. ఆ మొత్తము ఒక్కసారిగా చెల్లింపవలసి వచ్చినచో తయ్యబ్ సేఠు దివాలా తీయుట నిశ్చయము. దివాలా కంటె మరణము మేలని తలచు వర్తక కులము వారిది. గెలిచినవానిని ఒప్పించి దీర్ఘకాలపు వాయిదాలు ఇప్పించుటకు గాంధీకి, తీర్పు తెచ్చుటకంటె ఎక్కువ శ్రమయైనది. విడిపోయినవారిని కలుపుటయే వకీలు ధర్మమని ఆయన ఆనాడు గ్రహించినారు. తరువాతి ఇరువది సంవత్సరముల వృత్తిలో అధికభాగము ఇట్టి రాజీలకే వినియోగపడినది.

1894లో స్వదేశమునకు బయలుదేరవలసిన గాంధీని, భారతీయుల ఓటుహక్కు తొలగించు బిల్లు నెటాలులో నిలిపివేసినది. ప్రజాసేవకు జీతము తీసుకొననని ఆయన చెప్పగా, ఇరువదిమంది వర్తకులు తమ న్యాయ వ్యవహారములను ఏడాదిపాటు ఆయనకు అప్పగించి జీవనము కల్పించినారు. సుప్రీముకోర్టులో పేరు నమోదు చేయవద్దని తెల్ల వకీళ్ల సంఘము అడ్డు తగిలినది. కోర్టు ఆ అభ్యంతరమును త్రోసిపుచ్చి 1894 సెప్టెంబరు 3వ తేదీన ఆయనను అడ్వొకేటుగా చేర్చుకొన్నది. కాని తలపాగా తీయవలెనని ఆజ్ఞాపించినది. పెద్ద పోరాటములకై బలము దాచుకొనవలెనని తలచి ఆయన తలపాగా తీసినారు.

వృత్తిలో చేరి మూడు నాలుగు మాసములైనను నిండకముందే బాలసుందరము అను తమిళ కూలి ఆయన కార్యాలయమునకు వచ్చినాడు. బట్టలు చినిగియున్నవి, ముందరి పండ్లు రెండు విరిగినవి, నోట రక్తము కారుచున్నది. తలగుడ్డను విప్పి చేతపట్టుకొని వణకుచు నిలిచినాడు. తెల్లవాని యెదుట కూలివాడు తలగుడ్డతో నిలువరాదన్నది అక్కడి ఆచారము. తన తలపాగాను కోర్టులో తీయవలసి వచ్చిన ఆ యువ న్యాయవాది ముందుగా ఆ తలగుడ్డను కట్టుకొనుమని చెప్పినారు. అటుపిమ్మటనే కేసు విన్నారు.

ఇక్కడ ఆనాటి కూలిచట్టమును తెలిసికొనవలెను. 1860లో మద్రాసు నుండి ట్రూరో అను ఓడ తొలి కూలీలను డర్బను చేర్చినది. 1911 వరకు లక్షన్నరకు పైగా జనము ఒడంబడిక మీద నెటాలుకు పోయినారు. వారిలో అధికసంఖ్యాకులు మద్రాసు రేవు నుండి పోయిన తమిళులు, తెలుగువారు. అయిదేండ్లు చెరకు తోటలలోనో, గనులలోనో, ఇండ్లలోనో పనిచేయుదుమని వేలిముద్ర వేసిన కాగితమే ఆ ఒడంబడిక. సామాన్య నౌకరు చెప్పకుండ పని మానినచో యజమాని సివిలు కోర్టులో దావా వేసికొనవలెను. ఒడంబడిక కూలి పని మానినచో అది నేరము, దానికి జైలుశిక్ష. కావుననే యజమాని ఎంత కొట్టినను కూలి పారిపోవుటకు వీలులేదు.

గాంధీ మొదట డాక్టరుచేత గాయములకు సర్టిఫికెట్టు వ్రాయించినారు, పిదప బాలసుందరమును మెజిస్ట్రేటు వద్దకు కొనిపోయినారు. మెజిస్ట్రేటు యజమానిపై సమను జారీచేసినాడు. యజమానిని శిక్షింపజేసినచో కోపము తీరునేమోగాని, కూలివాడు మరల ఆ ఇంటికే పోవలసియుండును. ఇది గ్రహించిన గాంధీ శిక్షను కోరలేదు, విడుదలను కోరినారు. ఒడంబడికను వేరొక యజమానికి మార్చుటయే చట్టములోనున్న మార్గము. భారతీయులు ఒడంబడిక కూలీలను పెట్టుకొనుటకు వీలులేదు గనుక, దయగల తెల్లవానిని ఒకనిని వెదకి పట్టినారు. మెజిస్ట్రేటు యజమానిని దోషిగా నిర్ణయించి, ఒడంబడిక మార్పునకు అతడు ఒప్పుకొన్నట్లు వ్రాసినాడు. ఈ వార్త కూలీలందరికి ప్రాకి, మద్రాసు వరకు చేరినది. ఆనాటి నుండి గాంధీ కార్యాలయమునకు కూలీలు బారులు తీరినారు.

కాని ఒక్కొక్క కూలిని విడిపించినంతనే చట్టము మారదు. 1895లో నెటాలు ప్రభుత్వము క్రొత్త శాసనము చేసినది. దాని ప్రకారము, అప్పటినుండి ఒడంబడికపై వచ్చిన కూలి గడువు ముగిసిన తరువాత స్వదేశమునకైనను పోవలెను, మరల ఒడంబడికయైనను వ్రాయవలెను, లేదా ఏటేట 3 పౌనుల పన్ను చెల్లింపవలెను. మొదట తలపెట్టినది 25 పౌనులు, భారత ప్రభుత్వము ఒప్పుకొన్నది మూడు. కూలివాని మొదటి ఏటి జీతము నెలకు 10 షిల్లింగులు. ఇరువది షిల్లింగులు ఒక పౌను గనుక, ఆ పన్ను ఆరునెలల కూలితో సమానము. 1903లో దీనిని పదునారేండ్లు నిండిన బాలురకు, పదుమూడేండ్లు నిండిన బాలికలకు కూడ విధించినారు. భార్యాభర్తలు, ఇరువురు బిడ్డలు గల కుటుంబము 12 పౌనులు కట్టవలసి వచ్చినది.

ఇంతలో 1913 మార్చిలో మరియొక పిడుగు పడినది. బాయి మరియం అను ముస్లిము స్త్రీ భర్తను చేరుటకు రాగా అధికారులు ఆమెను దేశములోనికి రానీయలేదు. కేప్ సుప్రీముకోర్టు న్యాయమూర్తి సెర్ల్, బహుభార్యాత్వమును అనుమతించు మతము ప్రకారము జరిగిన వివాహము అక్కడి చట్టమునకు చెల్లదని తీర్పు చెప్పినాడు. ఈ కేసులో గాంధీ వకీలు కారు. కాని ఆ తీర్పు ఫలితమును ఆయన వెంటనే గ్రహించినారు. హిందువుల, ముస్లిముల, పార్సీల ధర్మపత్నులందరును చట్టము దృష్టిలో పత్నులు కాకపోయినారు, వారి బిడ్డలకు తండ్రి ఆస్తిపై హక్కు సందేహములో పడినది. ఒక్క కలముపోటుతో వేలకొలది సంసారములకు చట్టబద్ధత పోయినది.

కోర్టులో సాధింపరానిదానిని కోర్టు వెలుపల సాధింపవలసి వచ్చినది. 1913 సెప్టెంబరులో ఫీనిక్సు ఆశ్రమమునుండి కస్తూరిబాయి మొదలగు పదునారుగురు అనుమతి లేకుండ ట్రాన్సువాలు సరిహద్దు దాటి మూడుమాసముల కఠినశిక్ష పొందినారు. వేరొక స్త్రీల జట్టు న్యూకాసిలు బొగ్గు గనులకు పోయి కూలీలను పని మానుమని బోధించినది. పన్ను రద్దు కొరకు కూలీలు సమ్మె కట్టినారు. నవంబరు 6వ తేదీన 2,037 మంది పురుషులు, 127 మంది స్త్రీలు, 57 మంది పిల్లలు గాంధీ వెంట కాలినడకను బయలుదేరినారు. మూడు పౌనుల కూలివాని కష్టము, ఇల్లాలి గౌరవము ఒకే త్రోవను నడచినవి. జైలులో జబ్బుపడిన వల్లియమ్మ అను తమిళ బాలిక విడుదలైన కొలది దినములకే, 1914 ఫిబ్రవరిలో, మరణించినది.

ప్రభుత్వము విచారణ సంఘమును వేయక తప్పలేదు. 1914లో భారతీయుల ఉపశమన శాసనము వచ్చినది. మూడు పౌనుల పన్ను రద్దయినది. ఏకపత్నీ వివాహములకు చట్టసమ్మతి లభించినది. 1914 జూలై 18వ తేదీన గాంధీ దక్షిణాఫ్రికాను శాశ్వతముగా విడిచినారు.

1922లో రాజద్రోహ నేరముపై శిక్షపడగా ఇన్నర్ టెంపులు తన జాబితా నుండి ఆయన పేరును కొట్టివేసినది. ఆయన మరణించిన నలుబది ఏండ్లకు, 1988లో, దానిని మరల చేర్చుకొన్నది. 30 రూపాయల ఫీజు వాపసు చేసి కోర్టునుండి తలవంచుకొని వెడలిన ఆ జూనియరు న్యాయవాది, నేర్పుగా ప్రశ్నించుటకంటె ముందు, ఎదుట నిలిచిన మనుష్యునికి నిజముగా కావలసినదేమో కనుగొనుట నేర్చినారు. తయ్యబ్ సేఠునకు కావలసినది వ్యవధి, బాలసుందరమునకు కావలసినది క్రొత్త యజమాని, బాయి మరియమునకు కావలసినది భార్య అను పేరు. చట్టములో ఆ మాటకు చోటున్న నాడు గాంధీ దానిని వెదకి చూపినారు. చోటులేని నాడు చోటు కల్పించినారు.